మంచు దిగితే వాన పోదు

దీపావళి వెళ్లగానే మన దిగువ కృష్ణా డెల్టాలో ఒక మాట మొదలవుతుంది. గుడివాడలో వినండి, బందరు కోనేరు సెంటర్లో వినండి, అవనిగడ్డ బస్టాండు దగ్గర టీ కొట్లో వినండి, మాట ఒకటే. "మంచు దిగిందిగా, ఇంక వానెక్కడిది?" దాని వెనకాలే రెండో మాట: "పెద్దోళ్లు ఎప్పుడో చెప్పారు. ఈ ఆఫీసోళ్లు రోజుకోటి చెబుతారు." సంక్రాంతి దగ్గరపడేకొద్దీ ఫోన్లలో తిరిగే రాతలు ఈ మాటకు శాస్త్రమనే ముద్ర కూడా వేస్తున్నాయి. కార్తెలు తెలిసినవాడికి వాతావరణ శాఖతో పని లేదట. మన సామెత తప్పిన దాఖలా లేదట. సముద్రం పొంగడం కూడా మన ముసలివాళ్లకు ముందే తెలిసేదట.

ఈ మూడూ అబద్ధాలు. కోసిన వరి చేలో పనల మీద ఉండగా ఈ మాటలు నమ్మిన రైతు పంట పోగొట్టుకుంటాడు కాబట్టి వీటిని చూసీచూడనట్టు వదిలెయ్యడానికి వీల్లేదు. సామెతలంటే నాకు చులకన లేదు. చిన్నప్పటి నుంచి విన్నవాటిని పెద్దయ్యాక తేదీలతో సరిచూసి, వాటిలో ఎంత నిజముందో తెలుసుకుని మరీ గౌరవించే మనిషిని. ఆ గౌరవంతోనే ఈ ఖండన.

ముందు తేదీలు చూద్దాం.

1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది. ముప్పై వేల మంది పోయారని ఆనాటి లెక్క. తిథి కట్టి చూస్తే అది దీపావళి అమావాస్య వెళ్లిన రెండుమూడు నాళ్లకే. అమావాస్య దాటిన ఆ రోజుల్లో సముద్రం పోటు ఎలాగూ ఎక్కువ. దాని మీద తుఫాను నీరు ఎక్కింది. 1977 నవంబరు 19న దివిసీమ. దీపావళి వెళ్లి పట్టుమని పది రోజులు కాలేదు. అయిదారు మీటర్ల ఎత్తున నీరు లేచి ఊళ్ల మీద పడింది. నాగాయలంక, కోడూరు వైపు పల్లెలు కొట్టుకుపోయాయి, సొర్లగొంది పేరు చెబితే ఇవాళ్టికీ ఆ రాత్రే గుర్తొస్తుంది. అధికారిక లెక్క ప్రకారమే చావులు పదివేలకు చేరువ. జనం నోట వినే లెక్క అంతకంటే చాలా ఎక్కువ.

అవి పాతవంటారా? 2013లో దీపావళి నవంబరు 3న వచ్చింది. 22న హెలెన్ తుఫాను బందరుకు దక్షిణంగా తీరం దాటింది. సరిగ్గా ఆరు రోజులకు, 28న, లెహర్ బందరు దగ్గరే నేలకెక్కింది. 2003లో డిసెంబరు 15న, ధనుర్మాసం ముంగిట్లో, తుఫాను మన తీరం మీదకే వచ్చింది. ఆ తుఫానులో ఎక్కువమందిని చంపింది వరద కాదు, వానతో కలిసి వచ్చిన చలి. చలి వస్తే వాన పోతుందనేవాళ్లు ఈ ఒక్క తేదీకి జవాబు చెప్పాలి. 2018 డిసెంబరు 17న, ధనుర్మాసం మొదలయ్యాక, ఫెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటి కృష్ణా, బాపట్ల, గుంటూరు జిల్లాల వరిని చేలోనే ముంచింది.

మిచాంగ్ తరవాత చేలోకి దిగి చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేది లేదు, చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. పన పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, కొంచెం నల్లబడిందంతే. చెయ్యి కిందికి పోనిచ్చి పనను తిరగేస్తే అసలు సంగతి బయటపడుతుంది. బురదకు ఆనిన వెన్నుల్లో గింజగింజకీ సూదిమొనంత తెల్లని మొలక. పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన. తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మొలకెత్తినదాన్ని, రంగు మారినదాన్ని మిల్లరు చెప్పిన ధరకు వదిలించుకోవాల్సిందే. ఎకరాకి పెట్టిన పెట్టుబడి అంతా ఆ పన కింద కుళ్లుతుంటే, మంచు దిగింది వాన రాదని చెప్పినవాడు ఎవడూ ఆ గట్టు మీద కనబడడు.

ఇంతకీ మన పెద్దలు నిజంగా అలా చెప్పారా? నా కోపమంతా ఇక్కడే. వాళ్లు చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. కార్తెల సామెతలు వరసగా తీసి చూడండి. స్వాతి వాన పడితే చట్రాయి మీదైనా పంట పండుతుందన్నారు. ఆ తరవాత వచ్చే విశాఖ వాన పైరుకి విషమన్నారు. జ్యేష్ఠ వాన చెరుస్తుందన్నారు, మూల వాన మురగబెడుతుందన్నారు. జ్యేష్ఠ అంటే డిసెంబరు మొదటి వారంలో మొదలై నెల సగం దాకా ఉండే కార్తె. మూల దాని తరవాత నెలాఖరు దాకా. ఇప్పుడు పై తేదీలు మళ్లీ చూడండి. మిచాంగ్ జ్యేష్ఠలో వచ్చింది. 2003 తుఫాను జ్యేష్ఠా మూలల సంధిలో వచ్చింది. ఫెథాయ్ మూలలో వచ్చింది. దివిసీమ ఉప్పెన విశాఖ వెళ్లి అనూరాధ వచ్చే వేళకు పడింది.

డిసెంబరులో వానే రాకపోతే జ్యేష్ఠ చెరుస్తుందని, మూల మురగబెడుతుందని సామెత పుట్టేదా? కోసిన వరి చేలో ఉండగా మీద పడే వాన ఏం చేస్తుందో కళ్లారా చూసి, ఒళ్లు మండి, గుండె మండి కట్టిన మాటలవి. వాటిని పక్కన పెట్టి, ఒళ్లు వంచాల్సిన పని లేని మాట ఒక్కటే ఏరుకుని పెద్దలు చెప్పారు అనడం పెద్దల పేరు వాడుకోవడం. వాళ్లు హెచ్చరించారు, వీళ్లు ఆ హెచ్చరికనే దాచి భరోసా అమ్ముతున్నారు.

మంచు సంగతి చూద్దాం. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పడిపోయిన రాత్రి నేల తన వేడిని వదిలేస్తుంది. మన మాగాణుల్లో తడికి లోటు లేదు. కాలవలు, బోదెలు, గుడివాడ నుంచి కైకలూరు దాకా చేపల చెరువులు. ఆ తడిగాలి తెల్లారగట్ల చల్లబడి పొగమంచుగా పరుచుకుంటుంది. అంటే మంచు చెప్పేది గడిచిన రాత్రి సంగతి. మబ్బు లేదని, గాలి లేదని. మహా అయితే ఆ పూట ఎండ కాస్తుందని కూడా దాన్నిబట్టి అనుకోవచ్చు, అంతవరకు పల్లెటూరి చూపు నికార్సయినది. వచ్చే వారం సంగతి మంచుకేం తెలుస్తుంది? మిచాంగ్ నడక చూడండి. నవంబరు 27న దక్షిణ అండమాన్ సముద్రం మీద అల్పపీడనం. డిసెంబరు 1కి వాయుగుండం. 3కి తుఫాను. 5 మధ్యాహ్నానికి బాపట్ల. అల్పపీడనం పుట్టిన నాడు పెదపారుపూడి గట్టు మీద నిలబడి ఎంత అనుభవం ఉన్న రైతు ఆకాశం చూసినా, వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో పుట్టినది కంటికి ఆనదు. ఉపగ్రహానికి ఆనుతుంది. దగ్గరికొచ్చాక బందరు డాప్లర్ రాడారుకు ఆనుతుంది.

ఈ నమ్మకంలో ఒక రవ్వ నిజం ఉంది, దాన్ని దాచను. ఉత్తరం నుంచి దిగే చల్లని పొడిగాలి తుఫానులోకి చొరబడితే దాని బలం తగ్గుతుంది. లెహర్ నడిసముద్రంలో అతి తీవ్ర తుఫాను. బందరు చేరేసరికి వాయుగుండంగా నీరసించింది. డిసెంబరు పుట్టాక బంగాళాఖాతంలో లేచేవి ఎక్కువగా తమిళనాడు వైపో, శ్రీలంక వైపో పోతాయి, మనవైపు వచ్చేవి తక్కువ. ఇదంతా నిజమే. కానీ "తక్కువ"ని "లేదు" చేసేశారు. వాయుగుండంగా నీరసించినా పనల మీద వరి తడవడానికి ఆ వాన చాలు. పైకప్పులు లేపే గాలి అక్కర్లేదు.

ఇక రెండోవైపు. ఇదంతా మూఢనమ్మకం, అమ్మమ్మల కబుర్లు అని కొట్టిపారేసే చదువుకున్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్లూ తేదీలు చూడలేదు.

కార్తీకంలో కడవ కడిగేంత పొద్దు ఉండదని మన ఇళ్లల్లో ఆడవాళ్లు అంటారు. పాఠం చదివినవాడు నవ్వుతాడు. అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 కదా, కార్తీకంలో ఎందుకంటాడు. పగటి నిడివి వరకు అతను చెప్పింది సరే. బందరులో ఆనాటి పగలు సుమారు పదకొండు గంటల పది నిమిషాలు. కానీ మన అక్షాంశంలో సూర్యుడు అన్నిటికంటే ముందుగా అస్తమించేది ఆ రోజు కాదు, నవంబరు నాలుగో వారంలో. అప్పుడు బందరులో అయిదున్నరకే పొద్దు వాలుతుంది. డిసెంబరు 21కి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమవుతుంది కూడా. సాయంత్రం పని చేసుకునే మనిషికి కావలసింది పగటి మొత్తం నిడివి కాదు, చీకటి ఎప్పుడు పడుతుందన్నది. గడియారం లేకుండా, అంట్లు తోముకునే వెలుగును బట్టి ఆ సంగతి పట్టుకున్నారు. ఇది మూఢత్వమా?

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అన్నదీ అంతే. పొద్దు పెరగడం మొదలయ్యాక కూడా మూడు నాలుగు వారాల పాటు నేల పగలు పుచ్చుకునే వేడి కంటే రాత్రి పోగొట్టుకునేదే ఎక్కువ. అందుకే చలి ముదిరేది డిసెంబరు 21న కాదు, జనవరిలో. సముద్రం పక్కనున్న బందరులో ఆ చలి కొంచెం మెత్తగా ఉంటుంది, గుడివాడ దాటి లోపలికి పోతే తెల్లారగట్ల బాగా పట్టుకుంటుంది. సామెత చెప్పిన రోజులూ థర్మామీటరు చెప్పే రోజులూ ఒకటే.

అన్ని సామెతలకూ ఈ నిలకడ లేదు. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వస్తుంది కనుక ఏటా దాదాపు ఒకే తేదీ. కార్తెలూ సూర్యుణ్ని బట్టే. దీపావళి, శివరాత్రి చంద్రుణ్ని బట్టి వస్తాయి, నెలరోజుల మేర ముందూ వెనకా జరుగుతాయి. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న, 2024లో మార్చి 8న. మార్చి 8కి మనకు ఎండ చుర్రుమంటుంది, చలి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఫిబ్రవరి 18న తెల్లారగట్ల ఇంకా దుప్పటి వదలబుద్ధి కాదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న మాట ఒక ఏడు సరిపోయి మరో ఏడు తప్పడానికి కారణం ఇదే. కార్తె మీద కట్టిన సామెతకూ తిథి మీద కట్టిన సామెతకూ ఒకే విలువ ఇవ్వకూడదు. ఇది తేల్చి చెప్పినవాళ్లు అరుదు.

సంక్రాంతి నుంచి పొద్దు పెరుగుతుందన్నది మాత్రం ఇప్పుడు సరికాదు. అప్పటికే మూడు వారాలుగా పెరుగుతూ వస్తోంది. సూర్యుడు మకర రాశిలోకి పోవడం, అసలు ఉత్తరాయణం, ఈ రెండూ పదిహేడు వందల ఏళ్ల కిందట ఒకేచోట కలిశాయి. సుమారు డెబ్భై రెండేళ్లకి ఒక రోజు చొప్పున విడిపోతూ వచ్చాయి.

అనూరాధలో అనాథ కర్రైనా ఈనుతుందన్న మాట మీద కొంచెం నిలవాలి. మన పాత సార్వా రకాలు, కృష్ణకాటుకలు, అక్కుళ్లు లాంటివి, పగటి నిడివికి లొంగి ఉండేవి. ముందు నాటినా వెనక నాటినా పొద్దు తగ్గితేగాని పొట్టకొచ్చేవి కాదు. తగ్గాక ఎరువు లేని గట్టు పక్క దుబ్బు కూడా మిగతా చేనుతో కలిసే ఈనేది. పైరు ఈనే సమయాన్ని నాటిన తేదీ కాక పొద్దు నిర్ణయిస్తుందన్న సంగతిని మన రైతు ఒక్క వాక్యంలో పెట్టాడు. ప్రయోగశాలల్లో ఈ లక్షణానికి పేరు పెట్టింది చాలా తరవాత. ఇప్పుడు మనం వేసే రకాల్లో చాలావాటికి ఆ లొంగుబాటు లేదు, విత్తిన రోజు నుంచి లెక్క. కాలవ నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, ఈనడం ఆలస్యం, కోత జ్యేష్ఠలోకి జరుగుతుంది. సామెత తప్పలేదు, విత్తనం మారింది. ఆ తేడా గమనించకుండా పాత కార్తె లెక్కను కొత్త విత్తనానికి అంటగడితే అన్యాయమైపోయేది రైతే.

మినుము మంచుకే పండుతుందన్నది ఇలాంటిదే. కోతకు రెండుమూడు రోజుల ముందు వరిలో చల్లిన మినుముకు ఆధారం మన నల్లరేగడిలో మిగిలిన తడి. మంచు ఆకు మీద తోడు మాత్రమే. పైగా చల్లని రోజుల్లో బూడిద తెగులు పట్టుకునేది ఆకుల మీదే. మంచుందిగదా అని నేల తడి చూసుకోనివాడికి పూతలోనే చేను వాడుతుంది.

ఇలాంటి చలికాలపు జోస్యాలు మనకొక్కరికే లేవు. అమెరికాలో పంక్సటానీ అనే ఊళ్లో 1887 నుంచి ఏటా ఫిబ్రవరి 2న ఒక నేల ఉడుతను బొరియలోంచి బయటికి తీసి, దాని నీడ కనబడితే చలి ఇంకో ఆరు వారాలుంటుందంటారు. ఈమధ్య పదేళ్ల లెక్క తీస్తే అది చెప్పింది పదిసార్లకి నాలుగుసార్లే నిజమైందని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తలే తేల్చారు. కానీ దాన్ని నమ్మి అక్కడి రైతు ధాన్యాన్ని చేలో వదలడు, అది వాళ్లకి తిరునాళ్ల వేడుక. మనం కోతల కాలంలో కొంప మీదకి తెచ్చుకుంటున్నాం.

చివరిగా, ఉప్పెన ముందే తెలిసేదన్న మాట. దీన్ని రాసేవాళ్లు ఒక్కసారి దివిసీమ వచ్చి మాట్లాడాలి. సముద్రం తీరు చూసి చెప్పగలిగే మత్స్యకారులు మనకు ఉన్నారు, ఉండేవారు. దూరాన తుఫాను రేగితే దాని పొడవాటి అల తుఫాను కంటే ముందు ఒడ్డుకి చేరుతుంది. హోరు మారుతుంది, అల తీరు మారుతుంది. ఆ చూపు నిజమైన విద్య, దానికి దణ్ణం పెడతాను. కానీ పడవ తియ్యవద్దని చెప్పడానికి పనికొచ్చే ఆ విద్య, ఏ ఊరి మీద ఎన్ని మీటర్ల నీరు ఎన్ని గంటలకు లేస్తుందో చెప్పలేదు. 1977లో నీళ్లలో పోయినవాళ్లలో ఆ మత్స్యకారులే ఎంతోమంది. కార్తెలు నోటికి వచ్చిన రైతులు ఎంతోమంది. సామెతలు తెలిసిన ముసలివాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు. వాళ్లకి ముందే తెలిసేదని ఇవాళ రాయడం, తెలిసీ ఊరు కదలలేదని వాళ్ల మీద నేరం మోపడమే. ఆ చావుల్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. కాస్త సిగ్గుపడదాం.

పదమూడేళ్ల తరవాత, 1990 మే 9న, అంతటి తుఫానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర నేలకెక్కింది. ఆ చావులు వెయ్యి లోపు. అదీ తక్కువ కాదు, ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దుఃఖం. కానీ పదివేలు వెయ్యి లోపుకు ఎందుకు దిగాయి? 1864లో కలకత్తాను, నెల తిరక్కుండా బందరును తుఫానులు ముంచాక, కరువులు కూడా తోడయ్యాక, 1875లో ఈ దేశంలో వాతావరణ శాఖ పుట్టింది. ఆ శాఖ లెక్కలు, ఉపగ్రహం చిత్రాలు, పోలీసులు, రెవెన్యూ సిబ్బంది ఊరూరా తిరిగి జనాన్ని ముందే తరలించడం, ఉప్పెన తరవాత కట్టిన తుఫాను షెల్టర్లు, వీటివల్ల దిగాయి. హెచ్చరిక ఒక్కోసారి తప్పుతుంది. చెప్పిన చోటికి కాక పక్క జిల్లాకు పోతుంది. అలా తప్పినప్పుడు పోయేది ఒక రోజు కూలి, నాలుగు బరకాల అద్దె. మంచు జోస్యం తప్పినప్పుడు పోయేది ఏడాది తిండి.

వాతావరణ శాఖకూ ఒక మాట చెప్పాలి. "కొన్నిచోట్ల ఒక మోస్తరు నుంచి భారీ వర్షాలు" అనే బులెటిన్ పన మీద వరి ఉన్న రైతుకు అర్థం కాదు. రేపా, ఎల్లుండా, ఘంటసాలకా, మోపిదేవికా, కోత ఆపాలా, కోసింది కుప్ప వెయ్యాలా అన్నది ఆయన భాషలో చెప్పాలి. జ్యేష్ఠ వాన వస్తోంది, కుప్ప వేసుకోండి అని చెబితే అందులో సామెతా ఉంటుంది, లెక్కా ఉంటుంది. అలా చెప్పనంత కాలం రైతు టీ కొట్టు మాటే నమ్ముతాడు, తప్పు పూర్తిగా ఆయనది కాదు.

ఇది చదివే రైతు సోదరులకు నా విన్నపం. వచ్చే కోతల్లో అల్పపీడనం అన్న మాట వినబడితే మంచు ఎంత దట్టంగా ఉన్నా కోత ఆపండి. కోసినది పనల మీద ఉంటే వాన పడకముందే కట్టలు కట్టి కుప్ప వేసి బరకం కప్పండి. కుప్ప వేసే వ్యవధి లేక పనలు తడిస్తే, నీరు తీసేసి, లీటరు నీటికి యాభై గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చెయ్యండి, మొలక ఆగుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే జ్యేష్ఠ గురించి, మూల గురించి వాళ్లు ఏమంటారో అడిగి రాసిపెట్టండి.